గడ్డి కింది ఊరిని చదవడం: ఇంగ్లండ్‌లో పాడుబడిన మధ్యయుగ గ్రామాల మట్టి ఆనవాళ్లను గుర్తించే విధానం

ఇంగ్లండ్‌లో మధ్యయుగంలో జనంతో నిండుగా ఉండి, ఆ తరువాత ఖాళీ అయిపోయిన గ్రామాలు దాదాపు 3,000 ఉంటాయని అంచనా. వాటిలో చాలావాటి మీద నాగళ్లు, ట్రాక్టర్లు నడిచి ఆనవాళ్లు చెరిగిపోయాయి. ఊరు ఖాళీ అయిన నాటి నుంచి గొర్రెల మేతకే వదిలేసిన చోట్ల మాత్రం వీధులు, ఇంటి స్థలాలు, పెరళ్ల గట్లు, చేపల కుంటలు గడ్డి కింద ఎగుడుదిగుడులుగా నేటికీ నిలిచి ఉన్నాయి. అలాంటి బయలులోకి తొలిసారి అడుగుపెట్టినవారు సాధారణంగా ఇళ్ల కోసం వెతుకుతారు. మోకాలి ఎత్తు కూడా లేని మిట్టలు అన్ని వైపులా కనిపించేసరికి ఏది ఇల్లో, ఏది కాదో తేలక వెనుదిరుగుతారు. ఇల్లు ఆఖరున వెతకవలసిన వస్తువు. ముందు దారిని పట్టుకోవాలి, దారిని బట్టి హద్దులను, హద్దులను బట్టి ఇంటిని గుర్తించాలి. ఈ క్రమం తప్పితే ప్రతి మిట్టా ఇల్లులాగే కనిపిస్తుంది.

ఇంటి దగ్గరే చేయవలసిన పని

పొలానికి వెళ్లే ముందు పటాలతో ఒక సాయంత్రం గడపడం మంచిది. బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి 1:25,000 స్కేలు ఎక్స్‌ప్లోరర్ పటాల మీద పురాతన స్థలాల పేర్లను గోతిక్ అక్షరాల్లో ముద్రిస్తారు కనుక, ‘మెడీవల్ విలేజ్’ అన్న మాట ఆ అక్షరాల్లో ఉంటే చూడగానే కంటబడుతుంది. అలా గుర్తించి ఉండనిచోట కూడా కొన్ని సూచనలు దొరుకుతాయి. చుట్టూ ఇళ్లేమీ లేకుండా ఒంటరిగా నిలబడిన చర్చి ఒక సూచన అయితే, కారణమేమీ కనబడకుండానే నాలుగైదు కాలిబాటలు ఖాళీ పొలంలో ఒకే చోటికి వచ్చి కలవడం అంతకంటే బలమైన సూచన, ఎందుకంటే ఊరు పోయినా బాటలు అంత సులువుగా పోవు. 1836 నాటి చట్టం దరిమిలా పారిష్‌ల (ఒక్కో చర్చి పరిధిలోని ప్రాంతాల) వారీగా టైద్ పటాలు, అంటే చర్చికి చెల్లించే పదో వంతు పన్ను కోసం వేసిన పటాలు, తయారయ్యాయి. వాటికి జతచేసిన జాబితాల్లో పొలాల పేర్లు కూడా నమోదయ్యాయి. పశువులు తప్ప ఎవరూ లేని మేతబయలుకు ‘టౌన్ క్లోజ్’ అనో ‘ఓల్డ్ టౌన్’ అనో పేరు ఉంటే ఆ పొలాన్ని వదలకుండా పరిశీలించాలి.

ఆ తరువాత చూడవలసినది లైడార్. విమానం నుంచి లేజర్ కిరణాలను నేల మీదికి పంపి, అవి తిరిగివచ్చే సమయాన్ని బట్టి ఎత్తులను కొలిచే ఈ పద్ధతిలో ఇంగ్లండ్‌లోని ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ 1 మీటరు గళ్లతో దేశమంతటికీ సమాచారం సేకరించి, దానిని ఉచితంగా అందుబాటులో ఉంచింది. రెండు రకాల నమూనాలు లభిస్తాయి. ఒకదానిలో చెట్లు, కట్టడాలు ఉంటాయి, రెండవదానిలో వాటిని తీసివేసి నేలను మాత్రమే చూపుతారు. మనకు కావలసినది రెండవది. దాని మీద కృత్రిమమైన వెలుతురు వేసి నీడల చిత్రం తయారుచేసేటప్పుడు చాలామంది సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇచ్చే వాయవ్య దిక్కు వెలుతురుతోనే సరిపెట్టుకుంటారు. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగే గట్టు ఆ వెలుతురులో నీడ పడక దాదాపు మాయమవుతుంది. అందువల్ల అదే స్థలాన్ని కనీసం మూడు వేర్వేరు దిక్కుల వెలుతురులో చూసి, వెలుతురు ఎత్తును కూడా 45 డిగ్రీల నుంచి 20 డిగ్రీల దగ్గరకు దించి పోల్చుకోవాలి. ఈ కొలతల్లో నిలువు తేడా 15 సెంటీమీటర్ల వరకు ఉండవచ్చు కనుక, అంతకంటే తక్కువ ఎత్తున్న గట్లను తెర మీద చూసి ఉన్నాయనీ లేవనీ తేల్చకూడదు.

విమానం నుంచి తీసిన మామూలు ఫోటోలు చూసేటప్పుడు కంటికి ఒక భ్రమ కలుగుతుంది. ఇంగ్లండ్‌లో సూర్యుడు దక్షిణాన ఉంటాడు కనుక, ఉత్తరం పైకి ఉండేలా పెట్టిన చిత్రంలో నీడలు పైవైపు పడతాయి, కన్ను మాత్రం వెలుతురు పై నుంచే వస్తోందని అనుకుంటుంది. ఫలితంగా గుంతలు దిబ్బలుగా, దిబ్బలు గుంతలుగా కనిపిస్తాయి. చిత్రాన్ని తలకిందులుగా తిప్పి, నీడ మన వైపుకు పడేలా పెట్టుకుంటే ఈ తికమక పోతుంది.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఇలాంటి గ్రామాలు చాలావరకు ప్రైవేటు పొలాల్లో ఉంటాయి. పటం మీద ఆకుపచ్చ గీతలతో చూపిన హక్కుబాటలను (ప్రజలకు నడిచే హక్కు ఉన్న బాటలను) వదిలి నడవాలంటే భూయజమాని అనుమతి తప్పనిసరి. స్థలం 1979 నాటి పురాతన కట్టడాల చట్టం కింద రక్షిత జాబితాలో ఉంటే, యజమాని ఒప్పుకున్నా సరే, ప్రభుత్వ అనుమతి లేకుండా తవ్వడం, మెటల్ డిటెక్టర్ వాడడం నేరం. జాబితాలో ఉన్నదీ లేనిదీ ప్రభుత్వ వారసత్వ సంస్థ హిస్టారిక్ ఇంగ్లండ్ నిర్వహించే జాతీయ వారసత్వ జాబితాలో వెతికితే తెలుస్తుంది. మనం చేయబోయే పనికి గడ్డపార అవసరమే లేదు, కళ్లు, కాళ్లు, ఒక కొలత టేపు చాలు.

మొదటిసారి నేర్చుకోవడానికి చారిత్రక స్థలాలను చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ నిర్వహణలో ఉండి ఉచితంగా చూడదగిన స్థలాన్ని ఎంచుకోవడం ఉత్తమం. యార్క్‌షైర్ వోల్డ్స్‌లోని వారమ్ పెర్సీలో 1950 నుంచి 1990 వరకు మారిస్ బెరెస్‌ఫర్డ్, జాన్ హర్స్ట్‌ల ఆధ్వర్యంలో ఏటా వేసవిలో తవ్వకాలు జరిగాయి కనుక, మీరు నేల మీద ఊహించినదానిని సరిచూసుకోవడానికి ముద్రిత ప్లాన్లు ఉన్నాయి. లింకన్‌షైర్‌లోని గెయిన్స్‌థార్ప్ చిన్నదైనా వీధి, ఇంటి స్థలాలు స్పష్టంగా తెలుస్తాయి. మట్టి గట్లు మరీ అయోమయంగా అనిపించేవారు డార్ట్‌మూర్‌లోని హౌండ్ టార్‌తో మొదలుపెట్టవచ్చు, అక్కడ గోడలు గ్రానైట్ రాళ్లవి కనుక గదుల ఆకారాలు ఇప్పటికీ రాళ్లతోనే కనిపిస్తాయి.

ఎప్పుడు వెళ్లాలి

నవంబరు చివరి నుంచి మార్చి వరకు అనువైన కాలం. వేసవిలో గడ్డి, ముళ్లపొదలు పెరిగి 20 సెంటీమీటర్ల గట్టును పూర్తిగా కప్పేస్తాయి. అంతకంటే ముఖ్యమైనది సూర్యుడి ఎత్తు. డిసెంబరు నెలాఖరులో లండన్ పరిసరాల్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు క్షితిజానికి 15 డిగ్రీల ఎత్తుకే వస్తాడు, ఉత్తరానికి పోయేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. ఆ ఏటవాలు వెలుతురులో జానెడు మిట్ట కూడా పొడవైన నీడ వేస్తుంది. పలచగా మంచు కురిసి కరుగుతున్న ఉదయం దొరికితే అంతకు మించినది లేదు, ఎందుకంటే ఎండ తగిలిన వాలు మీద మంచు ముందు కరిగి, నీడవైపు నిలిచి, ప్లాన్ గీసిపెట్టినట్టే కనిపిస్తుంది. మబ్బు పట్టిన రోజున వెళ్లడం దండగ అని మాత్రం అనుకోవద్దు, కొలతలు తీయడానికి మబ్బు రోజే మేలు, నీడలు కదిలి మోసం చేయవు.

దారి, హద్దు, ఇల్లు

పొలంలోకి వెళ్లగానే ఎత్తైన అంచుకు చేరుకుని పది నిమిషాలు నిలబడి చూడాలి. వెతకవలసినది పొడవుగా, అడుగుభాగం వెడల్పుగా ఉండి, పల్లంగా సాగే దారి. దీనిని అక్కడివారు ‘హాలో వే’ అంటారు. శతాబ్దాల పాటు బండ్లు, పశువులు తొక్కి, వాన నీరు మట్టిని కొట్టుకుపోయి ఏర్పడిన ఈ పల్లం ఒకచోట అరమీటరు, మరొకచోట మనిషి లోతు ఉండవచ్చు. దాని అడుగున నడుస్తూ రెండు కొసలూ ఎక్కడ తేలుతాయో చూడాలి. ఒక కొస నేటి కాలిబాటలోనో, కంచెలో ఉన్న సందులోనో, పక్క ఊరి రోడ్డులోనో కలిస్తే మీరు సరైన దారిలో ఉన్నట్టే. రెండు వైపులా ఎక్కడికీ చేరని పల్లమైతే అది మట్టి తవ్విన గుంతో, పాత కాలువో కావచ్చు.

దారి దొరికాక, దానికి ఇరువైపులా లంబంగా బయలుదేరే సన్నని గట్లను వెతకాలి. ఇవి పక్కపక్క ఇళ్లవారి హద్దులు. రెండు గట్ల మధ్య, దారికి ఆనుకుని ఉన్న ముందుభాగాన్ని ‘టాఫ్ట్’ అంటారు, ఇల్లు, కొట్టం, పాక ఉండేది అందులోనే. వెనుక వైపు పొడవుగా సాగే పెరడు ‘క్రాఫ్ట్’. కూరగాయలకో, చిన్న మేతకో వాడుకునే ఈ పెరడు వెనుక ఒక గట్టు, గుంట లేదా మరో సన్నని దారి వస్తుంది, అక్కడితో ఊరు అయిపోయి పొలాలు మొదలవుతాయి. హద్దు గట్లను వరుసగా దాటుతూ నడిస్తే కంటికి ఆనని గట్లు కూడా కాలికి తెలుస్తాయి. అడుగు కొద్దిగా ఎక్కి దిగిన ప్రతిచోటా ఒక వెదురు పుల్ల గుచ్చి, తరువాత దూరం నుంచి చూస్తే పుల్లలు ఒకే వరుసలో నిలబడిన చోట గట్టు బయటపడుతుంది. రక్షిత స్థలమైతే పుల్లలు గుచ్చే సంగతి కూడా ముందే అడిగి తెలుసుకోవాలి.

ఇప్పుడు ఇల్లు. టాఫ్ట్‌లో దారికి దగ్గరగా, చుట్టుపక్కల నేల కంటే కాస్త ఎత్తుగా, చదునుగా, దీర్ఘచతురస్రంగా ఉన్న వేదిక కోసం చూడాలి. వెడల్పు సుమారు 5 మీటర్లు, పొడవు 10 నుంచి 15 మీటర్లు ఉండడం మామూలు. పొడవు వైపు దారికి సమాంతరంగా ఉండవచ్చు, లేదా ఇంటి కొస దారి వైపుకు తిరిగి ఉండవచ్చు. రాయి దొరికే ప్రాంతాల్లో గోడల వరుసలు సన్నని గట్లుగా నిలుస్తాయి. మధ్య ఇంగ్లండ్‌లోని మిడ్‌లాండ్స్ బంకనేలల్లో కలప చట్రానికి మట్టి మెత్తి కట్టిన ఇళ్లు కూలిపోయి మట్టిలో కలిసిపోయాయి కనుక వేదిక తప్ప మరేమీ మిగలదు. గోడ రాళ్లను తరువాతి కాలంవారు ఇతర కట్టడాలకు తవ్వుకుపోయిన చోట విషయం తిరగబడుతుంది, అక్కడ గోడ స్థానంలో సన్నని కాలువలాంటి పల్లం ఉంటుంది. అందుచేత గట్టు మాత్రమే గోడకు గుర్తు అనుకోవడం పొరపాటు. పొడవు గోడలు రెండింటిలోనూ ఎదురెదురుగా సందులు కనిపిస్తే అవి ఇంటి మధ్య నుంచి సాగే నడవకు ఇరువైపుల గుమ్మాలు. మనుషులు ఒక కొసన, పశువులు మరో కొసన ఉండే ‘లాంగ్ హౌస్’ ఇలాంటిదే. హౌండ్ టార్‌లో వాలు దిగువ కొసన పశువులను కట్టేవారు, పేడనీరు ఇంటివైపు రాకుండా కిందికే పోవడానికి అక్కడ కాలువ కూడా ఉంది.

ఈ వేదికల మీద నెటిల్ అనే, తాకితే మంటపుట్టించే మొక్కలు గుంపుగా పెరిగి ఉంటే సంతోషించే ముందు ఆగి చూడాలి. మనుషులు, పశువులు చాలాకాలం ఉన్న నేలలో ఫాస్ఫేట్లు పేరుకుని ఈ మొక్క బాగా పెరుగుతుందన్నది నిజమే. కాని నిరుడు గొర్రెలకు మేత పెట్టిన చోట కూడా అది అంతే బాగా పెరుగుతుంది.

సామాన్యుల ఇళ్లకు భిన్నంగా, పెద్ద ఆవరణలు ఊరికి ఒక కొసన ఉంటాయి. నలుచదరపు కందకం మధ్య ఎత్తైన స్థలం ఉంటే అది మేనర్ ప్రభువు, అంటే ఊరి భూస్వామి, నివాసం కావచ్చు. దాని పక్కన వాగుకు అడ్డంగా కట్టిన మట్టి కట్ట, కట్ట వెనుక ఎండిన దీర్ఘచతురస్రపు పల్లాలు ఉంటే అవి చేపల కుంటలు. వారమ్ పెర్సీలో ఇంటి స్థలాల వరుసలు పీఠభూమి మీద ఉండగా, చర్చి, పిండిమరను నడిపే నీటి కుంట కింది లోయలో ఉన్నాయి, కాబట్టి ఊరంతా ఒకే సమతలంలో ఉంటుందని ఆశించకూడదు. అక్కడి సెయింట్ మార్టిన్ చర్చి పొరుగు గ్రామాలవారికి కూడా పారిష్ చర్చి కావడం వల్ల ఊరు పోయిన తరువాత కూడా నాలుగు శతాబ్దాలకు పైగా వాడుకలో ఉంది. ఒంటరి చర్చి కనిపించినంత మాత్రాన ఊరు మొన్నమొన్నటి దాకా ఉందని అనుకోకూడదనడానికి ఇది మంచి ఉదాహరణ.

ఊరి చుట్టూ ఉన్న పాత పొలాలే ఊరి హద్దును అన్నిటికంటే స్పష్టంగా చూపుతాయి. బరువైన నాగలి మట్టిని ఎప్పుడూ ఒకే వైపుకు తిరగవేస్తుంది. దానితో ఒకే పొలం చెక్క (పొడవాటి సన్నని మడి) చుట్టూ ఏళ్ల తరబడి దున్నగా మట్టి నడిమికి పేరుకుని, పక్కపక్కనే గుండ్రని గట్లు, వాటి మధ్య సాళ్లు ఏర్పడ్డాయి. మధ్యయుగపు గట్లు 5 నుంచి 10 మీటర్ల వెడల్పుతో, పై నుంచి చూస్తే ఎదురు తిరిగిన ‘ఎస్’ అక్షరంలా వంపు తిరిగి ఉంటాయి. ఎనిమిది ఎద్దుల బారును చెక్క చివర తిప్పడానికి చాలా చోటు కావాలి కనుక, చివరికి చేరకముందే వాటిని పక్కకు మళ్లించడం మొదలుపెట్టేవారు, ఆ వంపు నేలలో అలాగే ఉండిపోయింది. గీత గీసినంత తిన్నగా, ఇరుకుగా ఉన్న గట్లు 18, 19 శతాబ్దాల దున్నకానికి చెందినవి, వాటిని మధ్యయుగపు లెక్కలో వేయవద్దు. గట్లు, సాళ్లు ఆగిపోయిన చోటల్లా పటం మీద చుక్కలు పెట్టి కలిపితే ఊరి ఆకారం తనంతట తానే తేలుతుంది.

ఏది ముందు, ఏది వెనుక

పేర్లు పెట్టడం కంటే క్రమం తేల్చడం ఎక్కువ విలువైన పని అని నా అభిప్రాయం. ఒక గట్టును మరొక గట్టు కోసుకుపోతే కోసినది తరువాతిది. ఇంటి వేదికల మీదుగా సాళ్లు సాగి ఉంటే, ఊరిలోని ఆ భాగం ముందే ఖాళీ అయి దున్నకంలోకి పోయిందని అర్థం. అందుకు భిన్నంగా, పెరళ్ల హద్దులు తిన్నగా కాకుండా ఆ ఎదురు ‘ఎస్’ వంపుతోనే ఉంటే, ఒకప్పటి పొలం చెక్కల మీదే ఇంటి స్థలాలు వేశారని, అంటే ఊరు పెరిగి పొలంలోకి పాకిందని తెలుస్తుంది. ఒకే స్థలంలో ఈ రెండూ కనిపించడం అరుదు కాదు. గడ్డిలో నిలిచినది ఊరి ఆఖరి రోజు చిత్రం మాత్రమే కాదు, అనేక తరాల మార్పుల మొత్తం.

తరువాతి కాలపు కట్టడాలను వేరు చేయడం కూడా ఇందులో భాగమే. కుందేళ్ల పెంపకానికి కట్టిన పొడవాటి దిబ్బలు ఇంటి వేదికల్లా ఉంటాయి గాని వాటికి చుట్టూ గుంట ఉంటుంది, దారితో సంబంధం ఉండదు. గడ్డివాములు వేయడానికి చుట్టూ కాలువ తీసిన చిన్న చదరపు తిన్నెలు, దొరల భవనాల పాత తోటల మెట్లు, రాయి తవ్విన గుంతలు, రెండవ ప్రపంచ యుద్ధం నాటి తవ్వకాలు కూడా కొత్తవారిని తప్పుదారి పట్టిస్తాయి. వీటన్నిటికీ ఒకే పరీక్ష ఉంది. ఈ మిట్ట దారికి, హద్దుకు ఎలా అతుక్కుంటోంది అని అడగాలి. జవాబు లేకపోతే దానిని ప్రశ్నార్థకంతోనే నమోదు చేయాలి.

ఊరు ఎందుకు పోయిందన్న ప్రశ్నకు మట్టి జవాబు చెప్పదు. 1348–49 నాటి ప్లేగు ఊరంతటినీ ఒక్కసారిగా తుడిచిపెట్టిందన్న కథ దాదాపు ప్రతి స్థలం దగ్గరా వినిపిస్తుంది, అది నిజమైన చోట్లు మాత్రం చాలా తక్కువ. జనం తగ్గి, కూలీలు దొరకక, ఉన్నితో లాభం పెరిగి, 15వ శతాబ్దంలో పొలాలు గొర్రెల బయళ్లుగా మారుతూ ఊళ్లు మెల్లగా చిక్కిపోవడం ఎక్కువగా జరిగింది. కొన్నిచోట్ల మిగిలిన కొద్దిమందిని భూస్వాములే వెళ్లగొట్టారు. వార్విక్‌షైర్‌లోని వార్మ్‌లైటన్‌లో 1498లో విలియం కోప్ ఇళ్లు కూల్చి 60 మందిని వెళ్లగొట్టినట్టు 1517లో మొదలైన ప్రభుత్వ విచారణలో నమోదైంది. వారమ్ పెర్సీలో ఆఖరి కుటుంబాలు వెళ్లిపోయింది 1500 ప్రాంతంలో. గెయిన్స్‌థార్ప్ గురించి 1697లో ఏబ్రహామ్ డి లా ప్రైమ్ అనే మతాచార్యుడు, పురావస్తు ప్రియుడు ఒక కథ విన్నాడు. అది దొంగల ఊరని, విసిగిపోయిన ఇరుగుపొరుగువారు దానిని నేలమట్టం చేశారని చెప్పుకునేవారట. ఆయన దానిని నమ్మలేదు, కాలం, పేదరికం, పచ్చికబయళ్లు కలిసి ఊరిని తినేశాయని రాసుకున్నాడు. మీరు పరిశీలిస్తున్న ఊరి సంగతి తెలుసుకోవాలంటే 1086 నాటి డూమ్స్‌డే లెక్కలు (రాజు చేయించిన భూముల సర్వే), 1334 నాటి పన్ను, 1377 నాటి తలపన్ను చూడాలి. అంకెను విడిగా కాక, అదే సంవత్సరంలో పొరుగు ఊళ్లు కట్టినదానితో పోల్చాలి. పొరుగు ఊళ్లు నిలకడగా ఉండగా ఇది మాత్రం తగ్గుతూ వస్తే అప్పుడు అనుమానానికి ఆధారం దొరికినట్టు.

కొలిచి నమోదు చేయడం

ఇద్దరు మనుషులు, రెండు 30 మీటర్ల టేపులు, గళ్ల కాగితం, పెన్సిలు ఉంటే చక్కని ప్లాన్ తయారవుతుంది. మొబైల్ ఫోన్ చూపే స్థానం కొన్ని మీటర్ల తేడాతో ఉంటుంది, 5 మీటర్ల ఇంటి వేదికను కొలవడానికి అది పనికిరాదు. కంచె మూలలవంటి, పటం మీద కూడా ఉన్న రెండు స్థిరమైన గుర్తుల మధ్య ఒక టేపును తిన్నగా పరచి ఆధార రేఖగా తీసుకోవాలి. 30 మీటర్లకు మించితే టేపును అదే వరుసలో జరుపుకుంటూ పోవాలి. రెండవ టేపుతో ఆ రేఖకు లంబంగా ప్రతి వాలు పై అంచుకు, కింది అంచుకు దూరం కొలిచి కాగితం మీద పెట్టాలి. లంబం సరిగా ఉందో లేదో 3, 4, 5 మీటర్ల త్రిభుజంతో సరిచూసుకోవచ్చు. ఊరంతటికీ 1:1000 స్కేలు, అంటే నేల మీది మీటరుకు కాగితం మీద ఒక మిల్లీమీటరు, సరిపోతుంది.

వాలులను చూపడానికి ‘హాషూర్’ గీతలు వాడతారు. ప్రతి గీతకూ లావైన తల వాలు పై అంచున, సన్నని తోక కింది అంచున ఉండాలి. గీత పొడవు వాలు వెడల్పును చూపుతుంది, గీతలు ఎంత దగ్గరగా ఉంటే వాలు అంత నిటారుగా ఉన్నట్టు. ఈ గీతలను పొలంలోనే గీయాలి. ఇంటికి వచ్చి గీస్తామని అంకెలు మాత్రమే రాసుకుంటే ఏ వాలు ఎటు దిగుతుందో సగం మరచిపోతారు. గీస్తున్నప్పుడే చేతికి సందేహం వస్తుంది, ఆ సందేహం తీర్చుకోవడానికి నేల ఎదురుగానే ఉంటుంది. స్థూలంగా ఎత్తులు కూడా పక్కన రాయాలి: ‘గట్టు 0.3 మీ., దారి లోతు 1.1 మీ.’ అన్నంత చాలు.

నేలను తవ్వే చిన్న జీవులు పైకి తెచ్చిన మట్టిలో కుండపెంకులు కనిపిస్తే ఫోటో తీసి, దొరికిన చోటు రాసుకుని అక్కడే వదిలేయాలి. ప్లాన్ పూర్తయ్యాక ఒక ప్రతిని భూయజమానికి ఇవ్వడం మర్యాద. మరొక ప్రతిని ఆ కౌంటీ (జిల్లాలాంటి పాలనా విభాగం) చారిత్రక స్థలాల వివరాలను భద్రపరిచే హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ రికార్డు కార్యాలయానికి పంపాలి. పటం మీద స్థానాన్ని తెలిపే ఎనిమిది అంకెల గ్రిడ్ సంఖ్యతో పాటు కొలిచిన తేదీ, అప్పటి వెలుతురు, గడ్డి ఎత్తు, పొదల వల్ల చూడలేకపోయిన భాగాల సరిహద్దులు కూడా అందులో రాయాలి. ప్లాన్‌లో ఖాళీగా ఉన్న చోట నిజంగా ఏమీ లేదా, లేక ఎవరూ చూడలేదా అన్నది ఆ సరిహద్దు గీత ఉంటేనే తరువాత వచ్చేవారికి తెలుస్తుంది.